పాట ఉన్న నోరు

మా ఇంట్లో రోజు ప్రార్థనతో మొదలయ్యేది అంటే అది పూర్తి నిజం కాదు. ప్రార్థన కంటే ముందు పళ్ళు. "పాచినోటితో దేవుడితో మాట్లాడతావా?" అని అమ్మ అడిగేది. నేను నిద్రకళ్ళతో కుళాయి దగ్గరికి నడిచేదాన్ని. ఆమె పక్కనే నిలబడి, పై వరస లోపలివైపు తోముతున్నానో లేదో వంగి మరీ చూసేది. నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ నోటినిండా నురగ పెట్టుకుని ఎవరైనా ఏం పోట్లాడగలరు?

అమ్మ పద్మారావు నగర్‌లో ఒక మిషన్ బడిలో టీచరుగా చేసింది. పొద్దున బడి ప్రార్థన అయిపోగానే తన క్లాసు పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఈ" అనిపించి, ఒక్కొక్కరి పళ్ళూ చూసేది. తోముకోకుండా వచ్చినవాళ్ళ అరచేతిలో తన బ్యాగులోంచి పళ్ళపొడి తీసి పోసేది. పిల్లలు చాటుగా ఆమెను పళ్ళ టీచర్ అనేవాళ్ళు. అది చెవిన పడ్డ రోజు ఇంటికొచ్చి నాన్నకి చెప్పి పడీపడీ నవ్వింది. అమ్మ నవ్వితే చూడాలి. ఎవరో కూర్చుని పేర్చినట్టు పళ్ళ వరస. పెళ్ళిచూపుల్లో ఆ నవ్వు చూసే ఒప్పుకున్నానని నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు.

అంత జాగ్రత్త మనిషికి రెండు పొరపాటు నమ్మకాలుండేవి. ఒకటి, ఎంత గట్టిగా రుద్దితే అంత శుభ్రం అని. అడుగంటిన గిన్నె తోమినట్టు తోమేది. కొత్త బ్రష్షు కొన్నాళ్ళకే వెంట్రుకలు విచ్చుకుని చీపురుకట్టలా తయారయ్యేది. మెత్తటి బ్రష్షు తెస్తే, ఇది చంటిపిల్లలకి అని పక్కన పడేసేది. రెండోది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని. నరసాపురం వైపు ఆమె పిన్ని ఒకావిడ డాక్టరు దగ్గర గార తీయించుకుందట, ఆ ఏడే పళ్ళన్నీ రాలిపోయాయట. ఆ పిన్ని ఎప్పుడో కాలం చేసింది గానీ ఆమె పళ్ళు మాత్రం మా ఇంట్లో మాటల్లో ఇంకా రాలుతూనే ఉండేవి. అలా అమ్మ ఏళ్ళ తరబడి పళ్ళ డాక్టరు గడప తొక్కలేదు. నొప్పి అనిపిస్తే బుగ్గన లవంగం పెట్టుకుని బడికి వెళ్ళిపోయేది.

పళ్ళ తర్వాత ఆమెకి అంత గర్వం పాట మీద. నరసాపురం వైపు నుంచి కొత్త కోడలిగా సీతాఫల్‌మండికి వచ్చినప్పుడు ఆమెకి ఇక్కడి మాట అర్థమయ్యేది కాదట. ఈమె దీర్ఘాలు విని మా సందులో ఆడవాళ్ళు, "ఏందమ్మా, గిట్ల రాగం తీస్తవ్?" అని ఆటపట్టించేవాళ్ళట. ఆ రాగమే చర్చిలో అక్కరకొచ్చింది. క్వయర్‌లో చేరింది. ఆ తర్వాతి గుడ్ ఫ్రైడేకి అయిదో మాట తర్వాతి పాట ఆమె చేతికి వచ్చింది.

మా చర్చి సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం మూడు గంటలసేపు ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు, ఒక్కో ప్రసంగం తర్వాత ఒక పాట. ఒక్కరే నిలబడి పాడాలి. అయిదోది దాహం మాట. ఎండలు ముదిరి, ఫ్యాన్లు వేడిగాలి తిప్పుతూ, ఉపవాసం ఉన్నవాళ్ళ నాలుక పిడచకట్టుకుపోయిన వేళకి ఆ పాట వస్తుంది. మా క్వయర్‌లో రాసిపెట్టని పద్ధతి ఒకటుంది. ఆ పాటలు మనిషికొకటి. ఒక ఏడాది పాడలేకపోతే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇచ్చేటప్పుడు నోటితో ఏమీ చెప్పరు, తన చోటు వదిలి వెళ్ళి తీసుకునే మనిషి వెనక నిలబడతారు. ఒకసారి అలా నిలబడ్డాక ఆ పాట మళ్ళీ తిరిగి రాదు. అడగరు, ఇవ్వరు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, నాకు మాత్రం ఇప్పటికీ దాని మీద మంటే.

నేను కూడా అదే క్వయర్‌లో అమ్మ ముందు వరసలో నిలబడతాను. తిరుమలగిరిలో ఆఫీసు, సాయంత్రం ఇల్లు, ఆదివారం చర్చి. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. అందుకే ఆమె తిండి మారడం నా కంట పడింది. వేరుశెనగ అచ్చులంటే ప్రాణం పెట్టే మనిషి డబ్బా నా వైపు జరిపేసేది. చపాతీ టీలో నానబెట్టుకునేది. వాష్‌బేసిన్‌లో గులాబీ రంగు మరక చూసి అడిగితే, "బ్రష్షు కాస్త గట్టిగా తగిలిందే" అని నీళ్ళు వదిలేసింది. ఆమెకి షుగర్ వచ్చి చాలా కాలమైంది. చిగుళ్ళకీ షుగర్‌కీ సంబంధం ఉంటుందని మాకు అప్పటికి తెలియదు.

భస్మ బుధవారంతో ఆ సంవత్సరం శ్రమల దినాలు, ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలయ్యాక మొదటి ప్రాక్టీసులో నా వెనక పాటలో ఏదో సన్నటి గాలి చప్పుడు విన్నాను. వెనక్కి తిరిగి చూశాను. అమ్మ పాడుతూనే నాలుక కొనతో పైపళ్ళను లోపల్నుంచి నొక్కిపెడుతోంది. ముందరి రెండు పళ్ళూ ఊగుతున్నాయి.

బతిమాలి, కసిరి, చివరికి నేనూ అన్నం మానేస్తానని బెదిరించి, మా సందు చివర పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. నాకంటే చిన్నది, నిదానస్తురాలు.

"ఆంటీ, జెర పెద్దగా తెరువుండి," అంది. చిన్న అద్దం పెట్టి చూసింది, సన్నటి పుల్లతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు కొలిచింది, ఎక్స్‌రే తీసింది. ఆ ఫిల్మ్ వెలుతురులో పెట్టి మమ్మల్ని దగ్గరికి పిలిచింది.

"పళ్ళు మంచిగనే ఉన్నయి ఆంటీ, ఒక్క పుచ్చు లేదు. కింద ఎముకనే కరిగిపోయింది. ముందటి రెండు ఇగ నిలవవు. మిగిలినయి మాత్రం ఇప్పుడే షురూ చేస్తే ఉంటయి. మత్తిచ్చి చిగురు లోపలికెళ్ళి గార మొత్తం తీస్తా. షుగర్ సుత కంట్రోల్ల పెట్టుకోవాలె."

"రూట్ కెనాల్ చేస్తే నిలబడవా?" అని నేను అడిగాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

"రూట్ కెనాల్ పంటి లోపలి తక్లీఫ్‌కి అక్కా. ఇక్కడ పన్ను లోపల ఏం లేదు, దాన్ని పట్టుకునేటిదే పోయింది. మట్టి కొట్టుకుపోయిన కరెంటు స్తంభం లెక్క."

అమ్మ మెల్లగా పిన్ని కథ ఎత్తుకుంది. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నది. "మీ పిన్నిగారి పళ్ళు అప్పటికే వదులైనయి ఆంటీ. గార గడ్డకట్టి వాటిని పట్టుకొని ఉంటది. అది తీసినంక అసలు సంగతి బయటపడ్డది. క్లీనింగ్ వదులు చేయదు, గార ఉంచుకుంటేనే వదులైతయి. గట్టిగ రుద్దితే చిగురు ఇంకా కిందికి జారుతది."

అన్నేళ్ళు పిల్లల పళ్ళు చూసిన మనిషి తల వంచుకుని కూర్చుంది. నాకు ఆమెను చూస్తే జాలేసింది. అంతలోనే ఆమె తల ఎత్తి, "ఈస్టర్ అయ్యాక వస్తానమ్మా," అంది.

"అన్ని రోజులెందుకు ఆంటీ?"

"పాట ఉంది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను పద్ధతి సంగతంతా చెప్పాను. ముందరి పళ్ళు ఇప్పుడు తీసేస్తే ఆ గుడ్ ఫ్రైడేకి అమ్మ పాడటం కుదరదు, పాడకపోతే పాట పోతుంది. డాక్టరమ్మ ఊగే రెండు పళ్ళనూ పక్క పళ్ళతో కలిపి వెనకవైపు సన్నటి తీగ అంటించింది. ఎందుకైనా మంచిదని నోటి అచ్చు కూడా తీసి పెట్టుకుంది. "ఇది కొన్ని రోజులు పట్టి ఉంచుతది అంతే. లోపల క్లీనింగ్ మాత్రం ఆపొద్దు ఆంటీ, చీము పడితే నేనేం చేయలేను," అంది. అమ్మ అలాగేనని తల ఊపింది. ఆ ఊపుడు నాకు తెలుసు. రానని అర్థం.

నిజంగానే మళ్ళీ వెళ్ళలేదు. తీగ ఉందిగా, పాట గట్టెక్కుతుంది, ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం చేసినా చేయించుకుంటాను అంది. పైగా ఉపవాసం. ఎన్నో ఏళ్ళుగా ఈ దినాల్లో ఆమె పొద్దు వాలేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. షుగర్ మనిషివి, నోరు ఎండితే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి, మాత్రలు వేళకి పడాలి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. పాస్టరుగారి చేత కూడా చెప్పించాను. ఆయన ముందు సరేనండీ అంది. దాహం పాట కడుపునిండా నీళ్ళు తాగి ఎలా పాడతానే అని ఇంటికొచ్చాక నన్నడిగింది. నేను గిన్నె విసిరికొట్టాను. ఆమె దాన్ని తీసి కడిగి బోర్లించింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆమె లెక్క ఆమెకుంది. ఈ ఊళ్ళో ఆమెను నాన్న భార్యగా, బడి టీచరుగా, నా తల్లిగా ఎరిగినవాళ్ళు చాలామంది. ఆ పాట ఒక్కటే ఎవరి తరఫునా కాకుండా ఆమెకి దొరికింది. పళ్ళు పోతే కట్టుడు పళ్ళు వస్తాయి. పాట పోతే ఏం వస్తుంది? కాబట్టి నొప్పిని పంటి బిగువున భరించింది. ఆ మాట ఎంత సులువుగా రాసేశాను. బిగించడానికి ఆమెకి అప్పుడు పళ్ళు కూడా సరిగ్గా లేవు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం తెల్లారేసరికి అమ్మ పై పెదవీ, బుగ్గా వాచిపోయి, ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. చర్చిలో అందరూ మట్టలు పట్టుకుని ఊరేగుతుంటే, సెలవు రోజైనా తలుపు తీసిన డాక్టరమ్మ ముందు మేమిద్దరం కూర్చున్నాం. ఆమె ఒక్క దెప్పిపొడుపు మాట అనలేదు. చీము బయటికి తీసింది, మందులు రాసింది, షుగర్ చూసి తల పట్టుకుంది. వాపు తగ్గాక, ఆ వారం మధ్యలోనే పళ్ళు తీసింది. రెండనుకున్నవి పై ముందరి వరస మొత్తమైంది. మత్తు ఇంజక్షన్ ఇచ్చాక అమ్మకి నొప్పి తెలియలేదట. చప్పుడు మాత్రం వినిపించిందట. అసలు లాగాల్సిన పనే లేదు, పండిన పండు కోసినట్టు వచ్చేశాయే అని తర్వాత నాతో అంది. అదే ఆమెకి ఎక్కువ బాధ.

ముందే తీసిన అచ్చు అప్పుడు పనికొచ్చింది. పళ్ళు తీసిన కుర్చీలోనే డాక్టరమ్మ తాత్కాలికంగా చేయించిన పళ్ళ సెట్టు పెట్టింది. అద్దం చేతికిస్తే అమ్మ చాలాసేపు చూసుకుంది. మనిషి మళ్ళీ మనిషిలా ఉంది. ఆ ముఖంలో ఆశ చూసి నాకు భయం వేసింది.

ఇంటికొచ్చి, రక్తం ఆగిన దగ్గర్నుంచి సాధన. అద్దం ముందు నిలబడి ఒక్కో మాటా పలికేది. అంగిలికి అడ్డంగా ప్లాస్టిక్ పలక. నాలుకకి ఆనవాలు దొరకడం లేదు. స అంటే ఈల వస్తోంది, ఫ అంటే గాలి జారిపోతోంది. ఉమ్మి ఊరుతోంది, పుండు మీద సెట్టు ఒరుసుకుంటోంది. గట్టిగా రుద్దితే పని అవుతుందని బతుకంతా నమ్మిన మనిషి పాటని కూడా అలాగే రుద్దింది. నేను వంటింట్లో చెవులు మూసుకుని కూర్చున్నాను.

గుడ్ ఫ్రైడే ముందు చివరి ప్రాక్టీసుకి, వద్దంటున్నా వచ్చింది. క్వయర్ మాస్టారు పెద్దాయన, అమ్మని ఈ ఊరు వచ్చినప్పటినుంచీ ఎరిగినవాడు. ఆర్గన్ మీద శ్రుతి ఇచ్చాడు. అమ్మ మొదలుపెట్టింది. గొంతు అదే గొంతు. మాట మాత్రం మాట కాదు. రెండో చరణంలో సెట్టు జారింది, ఆమె చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నాలుకతో సర్దుకుని, మళ్ళీ ఎత్తుకుని, పాట చివరిదాకా పాడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నేను వాళ్ళ మీద పడి దులిపేసేదాన్ని. అందరూ తలలు వంచుకుని ఉన్నారు.

"మంచిగనే ఉందమ్మా. జెర అలవాటైతే సరిపోతది," అన్నాడు మాస్టారు.

అమ్మ ఆయన వైపు చూసి చిన్నగా తల ఊపింది. ఆమె తన చోటు వదిలి నడవడం నాకు వినిపించింది. ఎటు వెళ్తుందో చూడకూడదని కళ్ళు నేల మీదే ఉంచాను. చెప్పుల చప్పుడు నా వెనక ఆగింది. లవంగం వాసన వచ్చింది. అమ్మా, వెళ్ళు, ఇంకెవరి వెనకైనా నిలబడు అని అరవాలనిపించింది. క్వయర్ మొత్తం నా వైపే చూస్తోంది. మాస్టారు మళ్ళీ శ్రుతి ఇచ్చాడు. నేను పాడాను.

గుడ్ ఫ్రైడే నాడు అమ్మ క్వయర్‌లో నిలబడలేదు. జనంలో, కిటికీ పక్కన బల్ల మీద తెల్ల చీరతో, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అయిదో ప్రసంగం అయింది. నేను లేచాను. పాట నాకు పుట్టినప్పటినుంచీ తెలిసినదే, ఎక్కడా తప్పలేదు. కానీ నేను ఊపిరి తీసుకున్న ప్రతిచోటా ఆమె భుజాలు కూడా లేచాయి. రుమాలు వెనక ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. బయటికొచ్చాక చాలామంది నా చేయి పట్టుకుని బాగా పాడావన్నారు. ఆ మాటలు ఒక్కటీ నాకు ఎక్కలేదు. ఆ రాత్రి అమ్మ జావ తాగుతూ, "రెండో చరణంలో తొందరపడ్డావే," అంది.

ఈస్టర్ అయ్యాక ఇచ్చిన మాట ప్రకారం డాక్టరమ్మ చేతికి తన నోరు అప్పగించింది. అప్పటికే ఆలస్యమైంది. కింది వరస దక్కింది, పై వరస మిగతావి కూడా ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది. చిగుళ్ళు ఆరాక పూర్తి సెట్టు కట్టారు. రాత్రి తీసి నీళ్ళలో వేయడం, పొద్దున మెత్తటి బ్రష్షుతో కడగడం, ఒట్టి చిగుళ్ళని కూడా తడిగుడ్డతో తుడవడం, అన్నీ టీచరు పద్ధతిగా నేర్చుకుంది. సెట్టు లేకుండా మాత్రం నా ముందుకి రాదు. బాత్రూంలోంచి పూర్తి ముఖంతోనే బయటికొస్తుంది. నాన్న ఈ ముఖం చూడకుండానే పోయాడు, అదొక మేలు అని ఒకసారి అంది. నేను లేచి పక్క గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

కొంత కాలానికి నాలుక దారి కనుక్కుంది. ఈలలు పోయాయి. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, తాళంచెవి తీసి తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల వంటింట్లోంచి ఆ పాట. ఒక్క మాట చెదరడం లేదు. నేను తొందరపడే రెండో చరణం ఆమె నీళ్ళు నింపుతున్నట్టు నెమ్మదిగా పాడుతోంది. నిజం చెప్పాలంటే అది నాకంటే చాలా బాగుంది. పాట పూర్తయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాను. తాళం తిప్పగానే ఆమె ఏదో గిన్నె చప్పుడు చేసింది. "వచ్చావా, టీ పెడతాను," అంది.

ఆ రాత్రే అడిగాను. ఈసారి నువ్వే పాడమ్మా, నేను మాస్టారుతో మాట్లాడతాను, పద్ధతి లేదు గాడిదగుడ్డు లేదు అన్నాను. అమ్మ కోప్పడలేదు. "ఇచ్చేశాను కదే," అంది. "ఇప్పుడు నేను తీసుకుంటే, నాకు ముందు ఇచ్చేసినవాళ్ళందరికీ ఏం చెబుతాం?" ఇక ఆ మాట ఎత్తనివ్వలేదు. మా ఇంట్లో ఆ పాట ఇప్పటికీ నేను లేనప్పుడే వినిపిస్తుంది. నేను ఉన్నప్పుడు వినిపించదు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ తెలియనట్టే ఉంటాం.

ఈ సంవత్సరం శ్రమల దినాలు మొదలవడానికి ముందు, నాకు నోట్లో ఏ బాధా లేకపోయినా, అమ్మే నన్ను డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది. ఆమె ముందు, నేను వెనక. కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు లాగే గొట్టం పెట్టి, డాక్టరమ్మ క్లీనింగ్ మిషన్ ఆన్ చేసింది. అమ్మ బయట బల్ల మీద కూర్చోలేదు. కుర్చీ పక్కకే వచ్చి, ఒకప్పుడు కుళాయి దగ్గర వంగినట్టే వంగి నా నోట్లోకి చూసింది.

"పై వరస లోపలివైపు గార ఉందమ్మా, అక్కడ కూడా," అని చూపించింది. "ఎక్కడా ఏమీ మిగల్చకు. దీనికి పాట ఉంది."

నా కళ్ళ పక్కల్నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. డాక్టరమ్మ మిషన్ ఆపింది. "నొప్పైతుందా అక్కా?" అంది.

నొప్పేమీ లేదు. అవునన్నట్టు తల ఊపాను. అమ్మ నా పాదం మీద చేయి వేసి, "ఓర్చుకోవే, అయిపోవచ్చింది," అంది. నేను నోరు ఇంకొంచెం పెద్దగా తెరిచాను.